కనబడకుండా పోయిన అరవై నాలుగు కోర్లు

మా ల్యాబ్ గుమ్మం పక్కన నల్లరాతి పలక ఒకటి ఉండేది. ప్రారంభించిన పెద్దమనిషి పేరు, ఆయన పక్కన నిలబడ్డ మరో ఏడుగురి పేర్లు, అన్నిటికీ కింద బంగారు రంగు అక్షరాల్లో "128 కోర్ల కంప్యూటింగ్ సదుపాయం" అని. నేను అక్కడ కాంట్రాక్టు టెక్నికల్ అసిస్టెంటుని. పలక మీద నా పేరు లేదు కానీ స్టాకు రిజిస్టరులో ఉంది. యూనివర్సిటీలో పలక మీద పేరున్నవాళ్లు రిబ్బను కత్తిరించి వెళ్లిపోతారు, రిజిస్టరులో పేరున్నవాడు వస్తువు పోతే సంజాయిషీ రాసుకుంటాడు.

ఆ నూట ఇరవై ఎనిమిది ఎలా పుట్టిందో ముందు చెప్పాలి. కోరు అంటే ప్రాసెసర్ లోపల నిజంగా లెక్కలు చేసే భాగం. మాకు పదహారు కంప్యూటర్లు వచ్చాయి, ఒక్కోదానిలో నాలుగు కోర్లు. వాటిలో హైపర్‌థ్రెడింగ్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే ఒక్కో కోరు "నేను ఒకణ్ని కాదు, ఇద్దరం" అని కంప్యూటరుకి చెప్పుకుంటుంది. కంప్యూటరు అమాయకంగా నమ్ముతుంది. ఏ కోరు ఎంత పనిచేస్తోందో చూపే టాస్క్ మేనేజరు తెరిస్తే నాలుగు గళ్లకు బదులు ఎనిమిది గళ్లు కనిపిస్తాయి. మా డైరెక్టరు గారు తెర మీద వేలు పెట్టి ఎనిమిది దాకా లెక్కపెట్టి, పదహారుతో హెచ్చవేసి, వచ్చిన అంకెను ముందు రిజిస్టరుకీ తర్వాత రాతికీ ఎక్కించారు. ఆయనది అనంతపురం వైపు.

"సార్, అసలు కోర్లు నాలుగే" అన్నాను మెల్లగా.

"ఏమప్పా, కండ్లెదురుగా ఎనిమిది కనపడతాంటే నాలుగంటావు. వస్తువు చేతికొచ్చినాక తగ్గించి చెప్పేవాణ్ణి నిన్నే చూస్తాండా."

నిజం కోసం నిలబడే వయసే నాది, కానీ కాంట్రాక్టు ఆర్నెల్లకోసారి పొడిగించేది ఆయనే.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. క్యాంపస్‌లో తరగతులు జరిగిన రోజులకంటే జరగని రోజులే ఎక్కువ. బంద్ నాడు కూడా మా ల్యాబ్ మాత్రం నడిచేది. యంత్రాలకు ఏ పక్షమూ లేదని డైరెక్టరు గారు విద్యార్థి నాయకులకూ పోలీసులకూ విడివిడిగా చెప్పి ఒప్పించారు. గదిలోకి ఎవరొచ్చినా "మీ డిమాండు న్యాయమైనదే" అని కుర్చీ చూపించేవారు. డిమాండు ఏమిటని అడిగినట్టు నాకు గుర్తులేదు.

మా ఇల్లు తార్నాకలో. అమ్మానాన్నలు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డారు. అమ్మ మిషన్ స్కూల్లో టీచరు, నాన్న చర్చి ఆఫీసులో గుమస్తా. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, ఇంట్లో ఒక యాస, వీధిలో ఒక యాస, రెండూ నావే అనుకుంటూ. ఉద్యమం వచ్చాక ఛాయ్ కొట్టు దగ్గర నోరు తెరిచే ముందు ఒకసారి గుటక వేయడం అలవాటైంది. అమ్మ రోజూ టిఫిన్ డబ్బా చేతికిస్తూ అదే మాట అనేది. "ఒరేయ్, ఎవరేమన్నా ఊఁ కొట్టు. ఊరేదని అడిగితే తార్నాక అని చెప్పు. వాదనలు పెట్టుకోకు నాన్నా."

అలాంటి రోజుల్లో ఒక అక్క మా ల్యాబ్‌కి వచ్చింది. కెమిస్ట్రీలో పీహెచ్‌డీ, వరంగల్ దగ్గర పల్లె. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. పొద్దున ధర్నాలో నినాదాలిచ్చి, మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చునేది, అందుకే గొంతు ఎప్పుడూ బొంగురుగా ఉండేది. హాస్టళ్లు మూయించాక అంబర్‌పేట్‌లో చుట్టాలింట్లో సర్దుకుంది. ఆమెకు ఇచ్చిన చివరి గడువు ఇంకా రెండు నెలలే ఉంది. ఈలోపు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఏడేళ్ల పని బూడిదలో పోసినట్టే.

ఒక మందు అణువు ఒక ప్రోటీన్‌కి ఎన్ని రకాలుగా అతుక్కోగలదో చూడటం ఆమె పని. ఏడు వేల పైచిలుకు చిన్న లెక్కలు, ఒకదానితో మరొకదానికి సంబంధం లేదు. అలాంటి పనిని పంచిపెట్టడానికే మా దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. ప్రతి కంప్యూటరునూ "మీరు ఎంతమంది?" అని అడుగుతుంది, ఎనిమిది అంటే ఎనిమిది లెక్కలు పంపిస్తుంది, అయినవి తీసుకుని కొత్తవి ఇస్తుంది. చెప్పినవాడి మాట మీద నమ్మకంలో అదీ మా డైరెక్టరు గారూ ఒకటే.

"ఎన్ని దినాలైతది తమ్మీ?" అని అడిగింది అక్క.

ఖాళీగా ఉన్న కంప్యూటరు మీద ఒక లెక్క నడిపి చూశాను. ఆరు గంటలు పట్టింది. ఏడు వేలను నూట ఇరవై ఎనిమిదితో భాగించాను. "పదిహేను రోజులక్కా" అన్నాను దర్జాగా.

"నిజంగనా? నాకు అయిదు వారాలల్ల అయినా సాలు. ఎనక రాసుకునేటందుకు మూడు వారాలుంటె బాయె."

కోర్లు నాలుగేనని డైరెక్టరుతో వాదించబోయినవాణ్ని నేనే. గొప్ప చెప్పుకోవాల్సి వచ్చేసరికి పలక మీది అంకె నా నోట్లోకి వచ్చి కూర్చుంది. ఆ తప్పు ఇంకెవరి మీదా తోయడానికి లేదు.

మూడో రోజుకల్లా సంగతి బయటపడింది. ఆరు గంటల్లో అవ్వాల్సిన లెక్క ఇరవై గంటలు తీసుకుంటోంది. మా వీధి చివర టిఫిన్ సెంటరు సంగతే చూడండి, దోసెలు వేసే మాస్టారు ఒక్కడు, పెనాలు రెండు. ఒక పెనం మీద దోసె కాలుతుంటే రెండో దాని మీద పిండి తిప్పుతాడు, అందుకని ఒక పెనం మీద కంటే కాస్త ఎక్కువే దోసెలు దిగుతాయి. అంతమాత్రాన అక్కడ ఇద్దరు మాస్టార్లు ఉన్నారంటే ఎలా? రెండు పెనాలకీ ఒకేసారి చెయ్యి కావాల్సి వస్తే ఒకటి ఆగాల్సిందే. అక్క లెక్కలు అన్నీ చేతిపనే, కాలేదాకా ఆగే తీరికే లేదు. దానికి తోడు మా కంప్యూటర్లలో మెమరీ తక్కువ. ఎనిమిది లెక్కలు ఎక్కేసరికి గట్టు మీద చోటు చాలక, మాస్టారు ప్రతి దోసెకూ పెరట్లోకి వెళ్లి గిన్నె తెచ్చుకుంటున్నట్టు, డిస్కు చుట్టూ తిరగడంతోనే సరిపోతోంది. ఆ వేగంతో పని ముగియడానికి యాభై రోజులు.

మందు తెలుసు. హైపర్‌థ్రెడింగ్ ఆపేసి ఒక్కోదానిపై నాలుగు లెక్కలే నడిపితే మళ్లీ ఆరు గంటలకు వస్తుంది. అప్పుడే చెప్పి ఉంటే నెల రోజుల్లో తేలిపోయేది. నేను చెప్పలేదు.

అక్క రోజూ మధ్యాహ్నం వచ్చి "ఎట్లున్నది తమ్మీ?" అనేది. "నడుస్తున్నయక్కా" అనేవాణ్ని. నడుస్తున్న మాట నిజమే కాబట్టి అబద్ధం కాదని సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం భయం. ఎక్కడ నలుగురు కూడినా, పనులు చెడగొట్టేది ఆంధ్రోళ్లేనన్న మాట వినిపిస్తున్న రోజులు. నా పొరపాటు నా ఒక్కడిదిగా మిగలదని, మా అమ్మానాన్నల ఊరిదాకా వెళ్తుందని భయపడ్డాను. అక్క కూడా అలాగే అంటుందని, ఆమెను ఒక్క మాట అడక్కుండానే తేల్చేసుకున్నాను. అలా పది రోజులు గడిపేశాను.

పదో రోజు బంద్. బస్సుల్లేక అంబర్‌పేట్ నుంచి నడిచొచ్చి, కుర్చీలో కూలబడి, మంచినీళ్లు తాగుతోంది. ఇక ఆగలేక అంతా చెప్పేశాను. నా లెక్క తప్పని, యాభై రోజులు పడుతుందని.

"నాకెర్కనే" అంది.

"ఎప్పటిసంది అక్కా?"

"నాలుగో దినం సంది. ఎన్నైనయో తెర మీద కనవడ్తనే ఉన్నది గద. నాకు కూడికలు రావా?"

"మరి అడగలేదేంది?"

"ఏమని అడుగాలె? గట్టిగ అడిగితె పక్క పోరలు ఇంటరు. ఆంధ్రాయన చేసిండంటరు. నిన్ను గల్ల పట్టి గుంజితె నేను ఆపగల్నా? నీ అంతల నువ్వే చెప్తవని సూసిన. పది దినాలు సూసిన." గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టింది. "నువ్వు భయపడ్డవ్, నేను భయపడ్డ. నడుమ నా థీసిస్ పొయ్యేటట్టున్నది."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమెకు మాత్రం కోపమే వచ్చింది, అదే మంచిదైంది. కాగితం తీసి మళ్లీ లెక్కవేశాం. ఆ రోజే మారిస్తే ఇంకో ఇరవై నాలుగు రోజులు. ఆమె ఐదు వారాల గడువులో ఒక్క రోజు మిగులుతుంది.

ఫైలు పట్టుకుని డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన చదివి, ఫైలుని వేడి గిన్నెలా నా వైపుకి నెట్టారు. "సగం ఆపుతావా? దీని మీద నేను సంతకం పెడితే ఆ సగం ఉత్తవేనని ఒప్పుకున్నట్టు కాదా? తిరగనీ అప్పా, ఎనిమిదీ తిరగనీ."

సంతకం లేకుండానే చేశాను. ఒక్కో కంప్యూటరునీ ఆపి, మళ్లీ ఆన్ అవుతున్నప్పుడు లోపలి సెట్టింగుల్లోకి వెళ్లి హైపర్‌థ్రెడింగ్ తీసేయాలి. అక్క పక్కన నిలబడి ఎన్ని అయ్యాయో లెక్కపెట్టింది. పదహారు తెరల మీదా ఎనిమిది గళ్లు నాలుగయ్యాయి. ఒక్కో లెక్కా మళ్లీ ఆరు గంటల్లోనే దిగడం మొదలైంది. వారం రోజులు మేమిద్దరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం.

అప్పుడు ఫిజికల్ వెరిఫికేషన్ వచ్చింది. ఏడాదికోసారి వేరే శాఖల నుంచి ముగ్గురు వచ్చి, రిజిస్టరులో ఉన్న ప్రతి వస్తువూ ఉందో లేదో కళ్లారా చూసి సంతకం పెట్టాలి. పక్షపాతం ఉండకూడదని, ఆ వస్తువు గురించి ఏమీ తెలియనివాళ్లనే పంపే ఆచారం. ఈసారి వృక్షశాస్త్రం నుంచి ఒక ప్రొఫెసరు, తత్వశాస్త్రం నుంచి ఒకరు, ఆఫీసు నుంచి ఒక గుమస్తా. కుర్చీలు ఇరవై, ఉన్నాయి. ఫ్యాన్లు ఆరు, ఉన్నాయి. కోర్లు నూట ఇరవై ఎనిమిది.

"చూపించు" అన్నారు వృక్షశాస్త్రం ఆయన.

టాస్క్ మేనేజరు తెరిచాను. ఆయన మొక్కలు లెక్కపెట్టే మనిషి, ఓపికకు లోటు లేదు. పదహారు తెరలూ తిరిగి, ఒక్కో గడినీ పెన్సిలు చివరతో తాకి, అరవై నాలుగు దగ్గర ఆగారు. "తక్కినవి?"

"లేవండి. అవి ఎప్పుడూ లేవు."

"పోయినేడు ఉన్నాయని ముగ్గురు సంతకాలు పెట్టారు గదయ్యా."

తత్వశాస్త్రం ఆయన కాస్త ఆలోచించి, లేనిది ఉన్నట్టు కనబడటం తమ శాఖ పరిధిలోకి వస్తుందని, రిజిస్టరులో ఉన్నది కనబడకపోతే మాత్రం కొరత కిందే రాయాలని తేల్చారు. గుమస్తా రాసుకున్నాడు.

డైరెక్టరు గారు పరుగున వచ్చి నన్ను వరండాలోకి లాక్కెళ్లారు. "ఆన్ చెయ్యప్పా. అరగంట పని."

ఆన్ చేస్తే నడుస్తున్న లెక్కలు మధ్యలో పోతాయి. కమిటీ సంతకాలు పూర్తిచేయడానికి ఎప్పుడూ మూడు రోజులు తీసుకుంటుంది, అంతదాకా ఎనిమిది గళ్లూ ఉంచాలి. మా చేతిలో ఉన్నది ఒక్క రోజు. చేయనన్నాను. ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి.

"అట్లయితే నువ్వే రాసియ్యి" అన్నారు.

"నా అధీనంలోని 128 కోర్లలో 64 కనబడుట లేదు. బాధ్యత నాది" అని రాసి సంతకం పెట్టాను. ఉన్నవి పోగొట్టుకున్నవాళ్లు యూనివర్సిటీలో చాలామంది ఉన్నారు. లేనివి పోగొట్టుకున్నవాణ్ని నేనొక్కణ్నే అనుకుంటాను. ఇంట్లో చెప్పలేదు. అక్కకీ చెప్పలేదు, రాసుకుంటోంది కదా, మనసు పాడుచేయడం ఎందుకని.

రెండు రోజుల్లో కబురు క్యాంపస్ దాటింది. తార్నాక చౌరస్తాలో ఛాయ్ కొట్టు ఆయనే నాకు చెప్పాడు. "మీ ల్యాబ్లనేనట గద సార్, అరవై నాలుగు కోర్లు మాయం చేసిండట ఎవడో ఆంధ్రోడు. లారీల ఏసుకొని బెజవాడకు పంపిండట." నేను ఊఁ కొట్టి, గ్లాసు సగంలోనే వదిలేసి వచ్చాను.

ఆ మధ్యాహ్నమే పదిమంది విద్యార్థులు ల్యాబ్‌లోకి వచ్చారు. ముందున్నతను "గా టెక్నికల్ అసిస్టెంట్ ఎవరు?" అన్నాడు. నేను కుర్చీ వెనక్కి జరిపేలోపే వెనక వరసలో కూర్చున్న అక్క లేచింది.

"ఏంది లొల్లి? గవి నేనే తీసుకున్న."

"నువ్వా అక్కా?"

"నేనే. నా పనికి గావాలె. అయినంక తిరిగిస్త. ఎవలకన్న ఏమన్న ఉన్నదా?"

వాళ్లకు ఆమె బాగా తెలుసు. మీటింగుల్లో ముందు లేచే గొంతు అది. "మనోళ్ల కాడనే ఉన్నయంటె ఫికర్ లేదు తియ్" అని ఒకతను తేల్చాడు, అందరూ వెళ్లిపోయారు. పోయినవేమిటో, ఎంత ఉంటాయో ఎవరూ అడగలేదు.

అక్క నా వైపు తిరిగింది. "సంతకం పెట్టినవట. నాకు చెప్పొద్దా?"

"నువ్వు రాసుకుంటున్నవని..."

"ఇంకోపారి నా కాడ ఏమన్న దాసినవంటె మంచిగుండదు."

సరేనన్నాను. ముప్ఫై నాలుగో రోజున ఆఖరి లెక్క దిగింది. అక్క మూడు వారాలు కూర్చుని రాసింది. ఇక సమర్పించడమే అనుకుంటే నో డ్యూస్ సర్టిఫికెట్ దగ్గర చిక్కొచ్చింది. లైబ్రరీ, హాస్టల్, ల్యాబ్, ఎక్కడా ఏ వస్తువూ ఇవ్వాల్సింది లేదని సంతకాలు లేకుండా థీసిస్ తీసుకోరు. అక్క అందరి ముందు అన్న మాట గుమస్తా చెవిన పడి, రిజిస్టరులో ఆమె పేరు ఎక్కింది. ల్యాబ్ గడిలో "64 కోర్లు తిరిగి ఇవ్వవలెను" అని ఎర్ర సిరాతో ఉంది. గడువు ఇంకా నాలుగు రోజులు.

"ఇచ్చేద్దాం తియ్" అంది అక్క.

ఇచ్చేశాం. పదహారు కంప్యూటర్లనీ ఆపి, హైపర్‌థ్రెడింగ్ ఆన్ చేశాను. కమిటీ మళ్లీ వచ్చింది. వృక్షశాస్త్రం ఆయన పెన్సిలుతో ఎనిమిదేసి గళ్లు పదహారుసార్లు తాకి, "గీతలేమీ పడలేదు కదా?" అని అడిగారు. లేదన్నాం. "వస్తువులు మంచి స్థితిలో తిరిగి వచ్చినవి" అని గుమస్తా రాశాడు. అలవాటు ప్రకారం మూడు రోజులు తీసుకుని ముగ్గురూ సంతకాలు పెట్టారు. "ఉన్నాయని చెప్పలేదాప్పా?" అన్నారు డైరెక్టరు గారు, చాలా తృప్తిగా.

ఆఖరి రోజున, ఇంకో బంద్ మధ్య, పరీక్షల విభాగం వెనక గేటు తీయించుకుని అక్క థీసిస్ ఇచ్చింది.

నాకు అంతకు వారం ముందే ఉత్తరం వచ్చింది. అధీనంలోని వస్తువులను అనుమతి లేకుండా ఇతరులకు అప్పగించినందున కాంట్రాక్టు పొడిగించడం లేదని. ఆఖరి నాలుగు రోజులూ ఆ ఉత్తరం జేబులో పెట్టుకునే పనిచేశాను.

రెండు రోజుల తర్వాత అక్క మిఠాయి డబ్బాతో ల్యాబ్‌కి వెళ్తే, నా కుర్చీలో వేరే అతను కూర్చుని ఉన్నాడట. అడ్రసు అడుక్కుంటూ తార్నాకలో మా ఇంటికి వచ్చింది. అమ్మ తలుపు సగమే తీసి "ఎవరండీ?" అంది. అక్క జవాబులోని యాస విని కాసేపు గడప దగ్గరే నిలబెట్టింది, తర్వాత లోపలికి రమ్మంది. అక్క కూర్చుంది. డబ్బా తెరవలేదు.

"పది దినాలు దాసినవ్, సైసిన. సంతకం దాసినవ్, సైసిన. గిది గూడ ఎవడో కొత్తాయన చెప్తె తెలుసుకోవాల్నా?"

"నీ థీసిస్ అయ్యేదాకా..." అని మొదలుపెట్టాను.

"థీసిస్ సంగతి కాదు తమ్మీ. నీ కొలువు పోతె ఆంధ్రోనిది పోయింది, మంచిగైందని నేను సంబరపడ్తననుకున్నవా? నిజం చెప్పు."

పదిమంది ముందు నా కోసం లేచి నిలబడ్డ మనిషి. ఆ ఉత్తరం చదివినప్పుడు నా మనసులో మొదట మెదిలింది సరిగ్గా ఆ మాటే. అందుకు సిగ్గుపడ్డాను, సిగ్గుపడుతూనే దాచాను. అమ్మ మంచినీళ్ల గ్లాసుతో వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. వద్దన్నట్టు నా వైపు చూసింది.

"అనుకున్ననక్కా" అన్నాను.